కడప నుంచి పరిశోధన: ఇంటర్నెట్‌లో నమ్మదగిన ఆధారాలను వెదికే పద్ధతి

కడప జిల్లాలోని ఒక ఊరి చరిత్ర మీదనో, ఒక గుడి శాసనం మీదనో, ఒక చెరువు కింది సాగు మీదనో పని చేయదలచిన విద్యార్థికి పాతికేళ్ల క్రితం మద్రాసుకో హైదరాబాదుకో రైలెక్కడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఇప్పుడు ఆ పుస్తకాలలో చాలా భాగం చేతిలోని ఫోనులోనే తెరుచుకుంటున్నాయి. అయినప్పటికీ గ్రంథాలయానికి వచ్చి, ఎంత వెదికినా నెట్‌లో ఏమీ దొరకలేదని చెప్పే పిల్లలూ, నెట్‌లో ఉంది కదా అని ఆధారం లేని సంవత్సరాన్ని నోట్సులోకి ఎక్కించుకునే పిల్లలూ తరచుగా కనబడుతూనే ఉన్నారు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. ఆ సంగతిని మొదట ఎవరు రాసి పెట్టి ఉంటారు, అది ఏ పేరుతో ఎక్కడ భద్రమై ఉంటుంది అనే ఆలోచన చేయకుండా నేరుగా వెదకడం మొదలుపెడుతున్నారు.

ఒక వెబ్‌సైటు మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నేను పాఠకులకు చెప్పే గీటురాయి చాలా చిన్నది. తనకు ఆ సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో చదువరికి చూపించే పేజీని నమ్మవచ్చు. చూపించని పేజీ ఎంత అందంగా ఉన్నా, ఎంత ధీమాగా మాట్లాడినా, అది దారి చూపడానికి పనికి రావచ్చు గాని ఆధారంగా పనికి రాదు. కింద రాసినదంతా ఈ ఒక్క మాటను ఆచరణలో పెట్టే పద్ధతి గురించే.

వెదకడానికి ముందు కాగితం మీద

మొదట ప్రశ్నను ఒక వాక్యంగా రాసుకోవాలి. "గండికోట చరిత్ర" అన్నది ప్రశ్న కాదు, దాని కింద లక్ష పేజీలు వస్తాయి, వాటిలో అధిక భాగం పర్యాటకుల కోసం ఒకదాని నుంచి మరొకటి ఎత్తి రాసినవే ఉంటాయి. "1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ అక్కడి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గురించి ఏమి రాశాడు" అన్నది ప్రశ్న. ఇలా రాసుకున్న వెంటనే చూడవలసిన పుస్తకం ఏదో దానంతట అదే తేలుతుంది: టావెర్నియర్ యాత్రాకథనానికి 1889లో వెలువడిన బాల్ ఇంగ్లీషు అనువాదాన్ని తెరిచి, అందులో గండికోట ఉన్న పుటలకు వెళ్లాలి. ప్రశ్న ఎంత కుదురుగా ఉంటే వెదకవలసిన చోటు అంత చిన్నదవుతుంది.

రెండవ పని ఆ విషయానికి ఉన్న పాత పేర్లన్నిటినీ ప్రశ్న కింద రాసుకోవడం. రాయలసీమ విషయాలలో దీనికున్నంత ప్రాముఖ్యం మరి దేనికీ లేదని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లీషులో కడప పేరును 2005 దాకా సి, యు, రెండు డిలు, ఎ, పి, ఎ, హెచ్ అక్షరాలతో రాసేవారు. కె తో మొదలయ్యే ఇప్పటి స్పెల్లింగు ఆ తర్వాతే ప్రభుత్వ వాడుకలోకి వచ్చింది. కనుక కొత్త స్పెల్లింగు మాత్రమే టైపు చేసేవారికి బ్రిటిషు కాలపు పుస్తకాలేవీ కంటబడవు. గండికోట, జమ్మలమడుగు, సిద్ధవటం వంటి పేర్లను కూడా ఆనాటి అధికారులు తమ చెవికి వినబడినట్లు రకరకాలుగా రాశారు; కె ఉండవలసిన చోట సి, ఒక టి ఉండవలసిన చోట రెండు కనబడడం మామూలే. పాత పుస్తకం ఒకటి చేతికి రాగానే అందులో ఊరి పేరు ఎలా ఉందో చూసి, ఆ రూపంతో మళ్లీ ఒకసారి వెదకడం మంచి అలవాటు.

"రాయలసీమ" అనే మాటకు కూడా ఒక పుట్టిన తేదీ ఉన్నది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన పేరది. అంతకు పూర్వం, 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినప్పటి నుంచి, దీన్ని దత్త మండలాలు అనీ, ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అనీ పిలిచేవారు. 1928కి ముందరి కాగితాలలో రాయలసీమ అని వెదికి ఏమీ లేదనుకోవడం ఎంత పొరపాటో, థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి రాసిన భూమి శిస్తు నివేదికలు దత్త మండలాల పేరుతో పుష్కలంగా ఉన్నాయని తెలిసినప్పుడు అర్థమవుతుంది.

జిల్లా హద్దులను కూడా ఈ కాగితం మీదనే రాసుకోవాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడింది; కాబట్టి అంతకు ముందరి అనంతపురం సంగతులు బళ్లారి రికార్డులలో ఉంటాయి. కర్నూలు 1839 దాకా నవాబు పాలనలో ఉన్నది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వెళ్లాయి. అందుచేత గ్రిబుల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్‌ను, బ్రాకెన్‌బరీ 1915లో వెలువరించిన కడప గెజిటీరును, అంటే జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథాలను, పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చేవారు ఈ మార్పును గుర్తు పెట్టుకోకపోతే జనాభా తగ్గిందనో సాగు కుదించుకుపోయిందనో లేనిపోని నిర్ణయానికి వస్తారు. ఇదే చిక్కు మన కాలంలోనూ ఉన్నది. 2011 జనాభా లెక్కలలో కడప జిల్లాకు చూపిన 28,82,469 మంది అప్పటి హద్దుల లోపలి వారు. 2022 ఏప్రిల్ 4న రాయచోటి, రాజంపేట ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. ఈ తేదీకి అటూ ఇటూ ఉన్న అంకెలను నేరుగా పోల్చరాదు. గణాంకాలకు సంబంధించి ఇంతకు మించి చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది: జనాభా లెక్కల శాఖ వారి జిల్లా దర్శినులనూ, రాష్ట్ర అర్థగణాంక శాఖ ప్రచురణలనూ నేరుగా తెరవాలి, వాటి నుంచి ఎత్తి రాసిన పేజీలను కాదు.

పాత పుస్తకాలు దొరికే చోట్లు

తెలుగు పరిశోధకుడికి ఇంటర్నెట్‌లో అన్నిటికంటే పెద్ద నిధి ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో అమెరికాలో మొదలైన ఈ సంస్థ గూటికి మన దేశపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు చేరడం వల్ల అది మనకు ఇంత దగ్గరయింది. హైదరాబాదు, బెంగళూరు వంటి చోట్ల కేంద్రాలు పెట్టి దేశ భాషల పుస్తకాలను లక్షల సంఖ్యలో స్కాన్ చేయించిన ఆ పథకం వెబ్‌సైటు కాపీరైటు ఫిర్యాదుల నేపథ్యంలో మూతపడినా, అందులోని పుస్తకాల నకళ్లు ఆర్కైవ్‌లో నిలిచాయి. గ్రిబుల్ మాన్యువల్, జిల్లా గెజిటీర్లు, శాసనాల పాఠాలు అచ్చయిన ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు, పాత తెలుగు ప్రబంధాలు, నిఘంటువులు అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు.

అయితే అక్కడ వెదకడానికి ఓపిక కావాలి. స్కాన్ చేసిన నాడు పుస్తకం పేరును తెలుగు లిపిలో కాక ఇంగ్లీషు అక్షరాలలో నమోదు చేశారు. ఆ నమోదు చేసినవారు ఒక పద్ధతిని పాటించలేదు. ఒకరు దీర్ఘానికి అచ్చును రెండుసార్లు వేశారు, మరొకరు వేయలేదు; "చరిత్రము" చివరి ము ను ఒకరు ఉంచారు, ఒకరు వదిలేశారు; ఒకే గ్రంథం రెండు మూడు పేర్లతో రెండు మూడుసార్లు ఎక్కింది. అందువల్ల పూర్తి పేరు టైపు చేయకుండా, పేరులో తప్పు పడడానికి వీలు లేని ఒక చిన్న మాటను ఎంచుకుని వెదకాలి. తర్వాత రచయిత ఇంటిపేరుతో వెదకాలి. ఆ తర్వాత ప్రచురణ సంస్థ పేరుతో వెదకాలి. పుస్తకం తెరుచుకున్నాక ఆ పేజీలో రాసి ఉన్న సంవత్సరాన్ని అలాగే తీసుకోరాదు. స్కాన్‌లో లోపలి ముఖపత్రం దాకా వెళ్లి అచ్చయిన సంవత్సరాన్నీ, ముద్రణ సంఖ్యనూ, ముద్రణాలయాన్నీ కళ్లారా చూసుకోవాలి. నమోదులోని సంవత్సరం తప్పుగా పడిన పుస్తకాలు అక్కడ చాలా ఉన్నాయి. మధ్యలో పుటలు తప్పిపోయిన స్కాన్లు కూడా ఉంటాయి కనుక, మీకు అవసరమైన అధ్యాయం ముందు వెనుకల పుటల సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో చూడాలి. తెరమీద కనబడే పుట సంఖ్యకూ పుస్తకంలో అచ్చయిన పుట సంఖ్యకూ తేడా వస్తుంది. నోట్సులో రాసుకోవలసింది అచ్చులో ఉన్న సంఖ్యనే.

కేంద్ర విద్యాశాఖ తరఫున ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. ఇందులో భాషను బట్టీ, చదువు స్థాయిని బట్టీ, వనరు రకాన్ని బట్టీ జల్లెడ పట్టే సౌకర్యం ఉన్నది కాబట్టి ఇంటర్మీడియెట్, డిగ్రీ విద్యార్థులకు ఆర్కైవ్ కంటే ఇదే సులువు. కొన్ని వనరులు వేరే సంస్థల వెబ్‌సైట్లలో ఉండి, ఇక్కడ వాటి వివరాలు మాత్రమే కనబడతాయి. అటువంటప్పుడు అసలు చోటికి వెళ్లి తెచ్చుకోవాలి.

శుద్ధమైన పాఠం కావలసినవారు తెలుగు వికీసోర్స్‌ను చూడాలి. కాపీరైటు తీరిన గ్రంథాలను అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు స్కాన్ ప్రతి పక్కన పెట్టుకుని పుట పుటా సరిచూసి ఎక్కిస్తారు. ఏ పుట సరిచూడబడింది, ఏది ఇంకా చూడవలసి ఉన్నది అన్న సంగతిని రంగు గుర్తులతో చూపిస్తారు. తన పనిలో ఎంత భాగం పూర్తయిందో ఇంత నిజాయితీగా చూపించే చోటు తెలుగు ఇంటర్నెట్‌లో అరుదు. మాటల అర్థాల కోసం ఆంధ్రభారతి నిఘంటు శోధన ఉన్నది. ఒక్కసారి టైపు చేస్తే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌణ్య నిఘంటువు వంటి పలు కోశాల అర్థాలు ఒకే చోట వస్తాయి. షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైటులో బ్రౌన్ నిఘంటువు 1903 కూర్పు ఉన్నది. శాసనాలు, కైఫియతులు (ఊళ్ల చరిత్ర రాసిన పాత పత్రాలు) చదివేవారికి ఈ రెండూ పక్కన లేనిదే పని జరగదు.

సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన వ్యాసాలు

మన జిల్లాల మీద విశ్వవిద్యాలయాలలో జరిగిన పిహెచ్.డి. పరిశోధనలు ఒకప్పుడు ఆ విశ్వవిద్యాలయపు అల్మరాలో దుమ్ము కొట్టుకుని ఉండేవి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధగంగ వల్ల ఆ స్థితి మారింది. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, అనంతపురం కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వంటి వాటి సిద్ధాంత గ్రంథాల కోసం మొదట వెదకవలసింది ఇక్కడే.

శోధగంగలో ఒక గ్రంథం ఒకే ఫైలుగా ఉండదు; ముఖపత్రం, ధ్రువపత్రం, విషయసూచిక, ఒక్కొక్క అధ్యాయం, ఉపయుక్త గ్రంథసూచి అన్నీ విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. చాలామంది మొదటి అధ్యాయాన్ని తెరిచి, పరిచయ వాక్యాలు చదివి, విసుగెత్తి మూసేస్తారు. మీరు చివరి ఫైలును, అంటే గ్రంథసూచిని, ముందుగా తెరవండి. మీ అంశం మీద మీకంటే ముందు మూడు నాలుగేళ్లు తిరిగిన ఒక పరిశోధకుడు ఏయే పుస్తకాలు, శాసన సంపుటాలు, ప్రభుత్వ నివేదికలు, పాత పత్రికలు చూశాడో ఆ జాబితాలో ఉంటుంది. వాటిలో సగం పేర్లు ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఒకే అంశం మీది రెండు మూడు సిద్ధాంత గ్రంథాల సూచికలను సరిపోల్చి చూస్తే, అందరూ ఉదహరించిన మూల గ్రంథాలు ఏవో తేలిపోతాయి, మీ పఠనం వాటితో మొదలుకావాలి. గ్రంథంలోని నిర్ణయాలను మాత్రం వాటంతట అవి ప్రమాణంగా తీసుకోవద్దు. డిగ్రీ వచ్చినంత మాత్రాన ప్రతి వాక్యమూ పరీక్షకు నిలిచిందని అర్థం కాదు. తెలుగు శాఖల గ్రంథాల పేర్లు కూడా అక్కడ తరచుగా ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటాయి గనుక, విశ్వవిద్యాలయం పేరు, శాఖ పేరు ఎంచుకుని వరుసగా జాబితా చూడడం వెదకడం కంటే మేలు.

పరిశోధన పత్రికల వ్యాసాలకు గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టవచ్చు. ఒక మంచి వ్యాసం దొరికితే దాని కింద, ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూపే లింకు ఉంటుంది; గ్రంథసూచి మిమ్మల్ని వెనక్కి తీసుకుపోతే ఈ లింకు ముందుకు తీసుకుపోతుంది. వ్యాసానికి డబ్బు అడిగితే అక్కడే ఆగిపోకూడదు. రచయిత తన సంస్థ భాండాగారంలో ఉచిత ప్రతిని పెట్టి ఉండవచ్చు. శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెదికితే అది బయటపడుతుంది. ప్రభుత్వ కళాశాలల, విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇంకొక హక్కు ఉన్నది: 2025 జనవరి నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను వారు చదువుకోవచ్చు. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఉన్న ప్రభుత్వ కళాశాల విద్యార్థి కూడా తన కళాశాల గ్రంథాలయాధికారిని కలిసి, తమ సంస్థకు ఈ సౌకర్యం తెరుచుకున్నదా, ఇంటి నుంచి లాగిన్ కావడానికి వీలున్నదా అని అడగాలి. అడగనివారికి ఇది ఉన్నట్టే తెలియదు, మన పన్ను డబ్బుతో కొన్న చదువు వాడకుండా పోతుంది.

డబ్బు తీసుకుని మూడు రోజులలో వ్యాసం అచ్చు వేస్తామని వాట్సాప్‌లో పిలిచే పత్రికల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉండడం పత్రిక మంచిదనడానికి గుర్తు కాదు. అది కేవలం గుర్తింపు సంఖ్య. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) మంచి పత్రికల పేర్లతో నడిపిన తన కేర్ జాబితాను 2025లో విరమించుకున్నది కనుక, ఇప్పుడు మంచి చెడ్డలు తేల్చుకునే భారం పరిశోధకుడి మీద, సంస్థ మీద పడింది. సంపాదక వర్గంలోని వారు నిజంగా ఆ విశ్వవిద్యాలయాల్లో పని చేస్తున్నారా, పాత సంచికలు చదవడానికి దొరుకుతున్నాయా, ఒకే సంచికలో పశువైద్యం, ప్రబంధ కవిత్వం, బ్యాంకింగ్ కలిసి ఉన్నాయా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఉచిత పత్రికలకైతే డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌లో పేరు ఉన్నదేమో చూడాలి.

పాఠ్యాంశాల అభ్యాసానికి వచ్చేసరికి పని సులువు. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్‌లోనూ, డిగ్రీ, పీజీ కోర్సులు స్వయంలోనూ, బడి పాఠాలు దీక్షలోనూ ఉచితంగా ఉన్నాయి; రాష్ట్ర పాఠ్యపుస్తకాలను ఎస్‌సీఈఆర్‌టీ సైటు నుంచే దించుకోవాలి.

ఒక శాసనం, ఒక సంవత్సరం

ఆధారాన్ని వెంబడించడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల శాసనం తొలి తెలుగు శాసనమని మన జిల్లా పిల్లలందరికీ తెలుసు. పేరు టైపు చేయగానే "క్రీ.శ. 575" అనే అంకె పదుల పేజీలలో కనబడుతుంది. పదిమంది ఒకే మాట చెప్పారు కదా అని నమ్మడం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ పదిమందీ ఒకరి నుంచి ఒకరు తీసుకున్నవారే అయితే వారంతా కలిసి ఒక్క సాక్షి కిందనే లెక్క.

ఇప్పుడు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెదకాలి. చాలా పేజీలు ఏమీ చెప్పవు; వాటిని పక్కన పెట్టండి. వికీపీడియా వంటి చోట్ల పాదసూచికలు ఉంటాయి. అక్కడి వాక్యాన్ని కాక ఆ పాదసూచికనే మనం వాడుకోవాలి. రేనాటి చోళుల తొలి శాసనాల గురించిన ఉదాహరణలు మనలను ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటానికి తీసుకుపోతాయి. ఆ సంపుటాన్ని ఆర్కైవ్‌లో తెరిచి శాసన పాఠాన్ని చదివితే, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతుండగా అన్న మాట కనబడుతుంది, సంవత్సరం మాత్రం ఎక్కడా కనబడదు. అక్షరాల ఆకారాన్ని బట్టీ, రాజుల వరుసను బట్టీ పండితులు దాన్ని 6వ శతాబ్ది చివరి పాదానికి చెందినదిగా నిర్ణయించారు. అంటే 575 అన్నది రాతి మీద ఉన్న సంవత్సరం కాదు, విద్వాంసుల అంచనా.

పోటీ పరీక్షలో 575 అని గుర్తించవలసి వస్తే గుర్తించవచ్చు. కాని వ్యాసంలో రాసేటప్పుడు "లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతానిదిగా భావిస్తున్నారు" అని రాయాలి. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాను గుర్తించగలిగినవాడు పరిశోధన చేయడానికి సిద్ధమైనట్లే. ఏ అంకెనైనా, ఏ ఉల్లేఖననైనా ఇదే విధంగా మూలం దాకా నడిపించాలి. మూలం చేరుకోలేకపోతే ఎంతవరకు వెళ్లగలిగారో అంతవరకే చెప్పాలి.

ఇటీవల విద్యార్థులు చాట్‌బాట్‌లను అడిగి గ్రంథాల జాబితాలు తెచ్చుకుంటున్నారు. ఏ మాటలతో వెదకాలో సూచించమని వాటిని అడగడంలో తప్పు లేదు. కాని అవి లేని పుస్తకానికి రచయిత పేరు, సంవత్సరం, పుట సంఖ్యతో సహా కల్పించి చెప్పగలవు. వాటి నోట విన్న ప్రతి పుస్తకం పేరునూ ఏదో ఒక గ్రంథాలయ కేటలాగులో కళ్లతో చూసిన తర్వాతనే నోట్సులో రాసుకోవాలి.

తెలుగులో టైపు చేసి వెదికేటప్పుడు

స్కాన్ చేసిన తెలుగు పుస్తకం నిజానికి బొమ్మల వరుస. అందులోని మాట కోసం వెదికితే యంత్రానికి కనబడదు. ఓసీఆర్ చేసిన, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రం చేత చదివించిన, పుస్తకాలలోనూ ప, వ, ష వంటి దగ్గరి పోలిక గల అక్షరాలు తారుమారవుతాయి, వత్తులు రాలిపోతాయి. కనుక వెదకడంలో ఏమీ రాలేదంటే పుస్తకంలో ఆ మాట లేదని తీర్మానించకుండా, విషయసూచిక ద్వారా ఆ అధ్యాయానికి వెళ్లి పుటలు తిప్పి చూడాలి. ఒకటి రెండు పుటల పాఠం కావలసివస్తే ఆ బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠం వస్తుంది. దాన్ని మూలంతో అక్షరం అక్షరం పోల్చి సరిదిద్దుకోవాలి.

పాత అచ్చులో శకటరేఫం (ఱ), అరసున్న ఉంటాయి. "ఏఱు" అని ఉన్న పుస్తకంలో "ఏరు" అని వెదికితే దొరకదు. కైఫియతు, కైఫీయత్తు, దండకవిలె, స్థానిక చరిత్ర అనేవన్నీ దాదాపు ఒకే రకమైన పత్రాలకు వాడిన పేర్లు కనుక అన్నిటితోనూ వెదకాలి. పాత తెలుగు సైట్లు కొన్ని యూనికోడ్ రాక మునుపటి ఫాంట్లలో ఉండడం వల్ల సెర్చ్ వాటిని చదవలేదు. వాటిని ఇతర పేజీలలోని లింకుల ద్వారానే చేరుకోగలము.

దాచుకోవడం

దొరికిన రోజే దాచుకోవాలి. లింకులు చచ్చిపోతాయి, సైట్లు పేరు మార్చుకుంటాయి, ప్రభుత్వ శాఖల పేజీలు కొత్త రూపం దాల్చినప్పుడు పాత నివేదికలు మాయమవుతాయి. ఫైలును దించుకుని, దానికి రచయిత, సంవత్సరం, చిన్న శీర్షిక కలిపి పేరు పెట్టాలి. వెబ్ పేజీ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దాని చిరునామా ఇచ్చి భద్రపరచి, ఆ శాశ్వత లింకునూ, చూసిన తేదీనీ నోట్సులో రాసుకోవాలి. ఇప్పటికే మాయమైన పేజీ పాత రూపం కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

కాపీరైటును గౌరవించడం కూడా నాణ్యతలో భాగమే. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు గడిచాక గ్రంథం అందరిదవుతుంది. ఇప్పుడు బతికి ఉన్న రచయితల పుస్తకాలు టెలిగ్రాం గుంపులలో తిరుగుతుంటాయి. వాటిలో పుటలు తప్పిపోయి ఉండవచ్చు, ఏ ముద్రణో తెలియదు, పైగా తెలుగులో పుస్తకం రాసి బతకడం ఎంత కష్టమో తెలిసినవారెవరూ ఆ పని చేయరాదు.

బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లే ముందు

ఇంటర్నెట్‌లో లేనిది ఇంకా చాలా ఉన్నది, కడపవారికి అందులో కొంత కూతవేటు దూరంలోనే ఉన్నది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, చెదిరిపోతున్న తాళపత్రాలను ఎత్తి రాయించి పాఠాలను పరిష్కరింపజేశాడు. ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా ఉన్న చోటనే బ్రౌన్ పేర భాషా పరిశోధన కేంద్రం నిలిచింది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం నిర్వహణలో ఉన్నది. తాళపత్రాలు, పాత పత్రికల సంచికలు, అరుదైన ముద్రణలు అక్కడ ఉన్నాయి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి సేకరించిన కడప జిల్లా కైఫియతులను సంపుటాలుగా ప్రచురించింది కూడా ఆ కేంద్రమే.

అక్కడికి గాని, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి గాని, చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి గాని వెళ్లే ముందు ఇంటర్నెట్ పని పూర్తి చేసుకుని వెళ్లాలి. ఆన్‌లైన్‌లో దొరికే పుస్తకాన్ని గ్రంథాలయంలో కూర్చుని ఎత్తి రాసుకోవడం వల్ల, అక్కడ మాత్రమే దొరికే వాటికి సమయం చాలదు. శోధగంగ గ్రంథసూచుల నుంచి తయారు చేసుకున్న జాబితాలో ఆన్‌లైన్‌లో దొరికినవాటిని కొట్టివేసి, మిగిలినవాటికి రచయిత, పేరు, సంవత్సరం, కావలసిన పుటలు వరుసగా రాసుకోండి. మీ ఊరి కైఫియతు కోసం వెళ్తుంటే ఆ ఊరి పాత తాలూకా పేరు తప్పక చేర్చండి. పనివేళలు, ఫోటో తీసుకోవడానికి అనుమతి, కళాశాల నుంచి తేవలసిన పరిచయ పత్రం గురించి ముందుగానే ఫోను చేసి కనుక్కోండి. తాళపత్రం చూడవలసి ఉంటే ఆ మాట ఫోనులోనే చెప్పండి. దాన్ని బయటికి తీయడానికి సిబ్బందికి సమయం పడుతుంది. ఫోనులో ఛార్జింగు, జాబితా కాగితం, పెన్సిలు వెంట ఉంచుకోండి. తాళపత్రాల దగ్గర, పాత కాగితాల దగ్గర పెన్ను వాడకూడదు.